అక్కమహాదేవి – దేహవిచారము

కర్ణాటకమున, నేటి శివమొగ్గ జిల్లాయందలి ఉడుతడి గ్రామమున, పండ్రెండవ శతాబ్దియందు శివభక్తులగు నిర్మలుడు, సుమతి యను దంపతులకు మహాదేవి జన్మించెనని సంప్రదాయము. బాల్యముననే ఇష్టలింగదీక్ష పొంది, చెన్నమల్లికార్జునుడే తన భర్త యని నిశ్చయించుకొనెను.

ఆ సీమకు ప్రభువగు కౌశికుడు ఆమె రూపమునకు మోహితుడై పరిణయము కోరెను. అతడు భవి, ఆమె లింగధారిణి. ఇచట ప్రాచీన కవులు రెండు త్రోవలు పట్టిరి. ఆమె మూడు నిబంధనలతో వివాహమున కంగీకరించి, రాజు వానిని మీరగా విడిచి వెడలెనని హరిహరుడు రగళెలో వ్రాసెను. పదునైదవ శతాబ్దివాడగు చామరసు ప్రభులింగలీలెలో వివాహమే జరుగలేదనెను. పండితుల వాదము నేటికిని తెగలేదు. ఆమె దేహమును రాజు తాకెనా లేదా యను ఈ చింత చూచువారిదే కాని అక్కది కాదు. ఆమె వచనములందు కనబడు భేదమొక్కటే: నశించు భర్త, నశింపని భర్త.

రాజగృహము వీడునపుడు వస్త్రములను సైతము త్యజించి, కేశములే ఆచ్ఛాదనముగా ఒంటరిగా కల్యాణమునకు బయలుదేరెను. పురుష విరాగులు దిగంబరులై తిరుగుట ఈ దేశమునకు క్రొత్త కాదు. యౌవనవతి యట్లు నడచినచో లోకము తేరిపార చూచును. ఆ చూపుల నడుమనే ఆమె అంత దూరము నడచెను.

కల్యాణమున అనుభవమంటపమునందు అల్లమప్రభువు ఆమెను వెంటనే ఆదరింపలేదు. భర్త యెవరని అడిగెను. దేహాభిమానము తొలగినచో వస్త్రము విడిచియు కేశములతో కప్పుకొనుటేల యని నిలదీసెను. శూన్యసంపాదనెలో ఈ సంవాదము మిక్కిలి ప్రసిద్ధము. ప్రశ్న పరుషమే. అయినను అక్క తొణకలేదు. లోపల పండనిదే పైతొక్క వన్నె మారదని ఫలము నుపమానముగా చూపి, తన యందలి కామచిహ్నములు చూచువారిని నొప్పించునేమో యనియే కప్పుకొంటినని తెలిపెను. సిగ్గు తనది కాదు, చూపునది యని దాని భావము. ప్రభువు తృప్తుడయ్యెను. బసవాది శరణులు, వయసున పెద్దలయ్యును, ఆమెను అక్క యని పిలిచిరి.

ఈ గౌరవమునకు మూలము శరణుల సిద్ధాంతముననే యున్నది. ఇష్టలింగము స్త్రీపురుషుల కిరువురకును సమానము. లింగధారులకు పంచసూతకములు లేవు; రజస్సూతకము వానిలో నొకటి. కావున ఋతుకాలమున స్త్రీ లింగపూజ మానవలసిన పనిలేదు. (ఇది నేటి గృహములలో ఎంతవరకు సాగుచున్నదో గృహిణులకే తెలియును.) స్తనములు, గడ్డమీసములు దేహమునకే గాని లోని ఆత్మ స్త్రీయు కాదు, పురుషుడును కాదని అక్కకు పూర్వుడగు జేడర దాసిమయ్య తెలిపియుండెను. శరణుడు సతి, లింగము పతి యనునది శరణుల భావము. అనగా పురుషుడును భక్తియందు స్త్రీ కావలసినదే. పురుషభక్తులకు ఈ భావపరివర్తనము అవసరము, స్త్రీభక్తులకు కాదని ఎ.కె. రామానుజన్ 1982లో వెలువడిన వ్యాసమున నిరూపించెను. శరణుల స్త్రీవిషయక భావములను విజయా రామస్వామి 1996లో ప్రత్యేక గ్రంథమున పరిశీలించిరి.

కల్యాణమున కొంతకాలముండి అక్క శ్రీశైలము చేరెను. అచటి కదళీవనమున ఆమె లింగైక్యము పొందెనని శరణులు చెప్పుదురు. శ్రీశైలమునకు ఎగువన కృష్ణాతీరమునందు ఆమె పేర గుహలు కలవు. యాత్రికులు పడవలలో అచటికి పోవుదురు.