పొలం గట్టున విన్న దీవెన

డగ్లస్ హైడ్ 1860లో ఐర్లండ్‌లో ఒక ప్రొటెస్టెంట్ పాదిరి ఇంట జన్మించారు. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లిషు. ఐరిష్ భాషను ఆయన పేద పల్లెవాసుల నోటనే నేర్చుకున్నారు. పనిలో ఉన్నవారు కనబడితే ఆ పనిని దేవుడు దీవించాలని కోరడం వారి ఆచారం. కోత కోసేవారిని బోయజు పలకరించిన తీరు (రూతు 2:4) మనకు జ్ఞాపకమొస్తుంది. ఆ భాష మాట్లాడడమే చాలామంది నామోషీ అనుకున్న రోజులవి. వేదాంత విద్య చదివినా హైడ్ పాదిరి కాలేదు. చదువురాని వారివని, కాథలిక్కులవని తోసిపుచ్చకుండా ఆ ప్రార్థనలను, దీవెనలను సేకరించి 1906లో గ్రంథంగా వెలువరించారు. 1938లో దేశ తొలి అధ్యక్షుడయ్యారు. 1949లో కన్నుమూశారు. తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో నిలిచింది (2 తిమోతి 1:5). మన అవ్వలు చేసిన ప్రార్థనలు మన పిల్లలకు తెలుసా? చదువుకున్న మనం వాటిని చిన్నచూపు చూస్తే పోయేది మాటలే కాదు, విశ్వాస వారసత్వం కూడా!