శైత్యసాధకుడు కామర్లింగ్ ఓనెస్

హైకె కామర్లింగ్ ఓనెస్ 1853వ సంవత్సరమున హాలెండు దేశమందలి గ్రోనింగెను పట్టణమున జన్మించెను. తండ్రికి ఇటుకల కార్ఖానా యుండెడిది. ఇటుకలు కాల్చువారి యింట పుట్టినవాడు జన్మమంతయు చలిని వెదకుట విధివిలాసమే.

1882లో ఆయన లైడెను విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. పరిశోధనకు పండితులు మాత్రమే చాలరని యెరిగి, గాజు నూదువారికిని, పరికరములు చేయువారికిని అచ్చటనే పాఠశాల పెట్టెను. 1807లో తుపాకిమందు పడవ ప్రేలి మిగుల నష్టపడిన ఊరది. అదిమిపట్టిన వాయువులు మరల ప్రేలునేమోయని పాలకులు 1895లో అడ్డుతగులగా పని కొన్నేండ్లు నిలిచెను. ఇంతలో లండనులో డ్యూయర్ హైడ్రోజనును ద్రవీకరించెను. ఇక లొంగనిది హీలియమొక్కటే.

ఆ హీలియముతో మన గుంటూరునకు చుట్టరికము కలదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సూర్యజ్వాలల కాంతిని పరీక్షించినది గుంటూరులోనే. ఆ కాంతిలోని పసుపురేఖ క్రొత్త మూలకమునకు చెందినదని పిమ్మట ఇంగ్లండులో లాకియర్ ఊహించెను.

1908 జూలై 10న ఉదయము ఆరు కాకమునుపే పని మొదలయ్యెను. ఓనెస్ యంత్రమును విడిచి రాలేకుండుటచే భార్యయే వచ్చి రొట్టెముక్కలు నోటికందించెనట. సాయంకాలమైనను పాత్రలో ద్రవము కానరాలేదు. చూడవచ్చిన తోటి ఆచార్యుడొకడు క్రిందినుండి వెలుగు ప్రసరింపజేయుమనెను. అప్పుడు ద్రవపుటంచు కంటబడెను! సున్నకు దిగువ 269 డిగ్రీల చలిలో 60 ఘనసెంటీమీటర్ల హీలియము.

1911లో అంతటి చలియందు పాదరసము యొక్క విద్యున్నిరోధము క్రమముగా తగ్గుటకు మారుగా ఒక్కపెట్టున మాయమయ్యెను. అతివాహకత్వ మనునది ఇదియే. 2001లో ఫిన్లండు శాస్త్రజ్ఞులు అతివాహక లోహమును సిలికానునకు తాకించి, వేడిమి హెచ్చుగా గల ఎలక్ట్రానులు మాత్రమే వెడలు ద్వారముగా దానిని వాడిరి. మిగిలిన ఎలక్ట్రానులు మరింత చల్లబడెను.

అయితే పాదరసపు కొలతలు తీసినవాడు హోల్స్ట్ అను యువకుడు. శీతలయంత్రమును నడిపినవాడు ఫ్లిమ్. పత్రముపై నున్నది ఓనెస్ పేరొక్కటే. నాటి ఆచారమదియే కావచ్చును. అయినను, పనివారి విలువ యెరిగి వారికై పాఠశాల పెట్టిన వానియందు ఈ లోపము మరింత కొట్టవచ్చినట్లు కనిపించును. 1913లో నోబెల్ బహుమానము ఆయనకే వచ్చెను.

హీలియమును గడ్డకట్టింపవలెనను కోరిక మాత్రము తీరలేదు. ఎంత చల్లార్చినను అది ద్రవముగానే యుండెను. 1926 ఫిబ్రవరి 21న ఓనెస్ మరణించెను. నాలుగు నెలలకు, అదే ప్రయోగశాలలో, ఆయనయొద్ద పనిచేసిన కీసోం చలికి తోడు పీడనము కూడ చేర్చి హీలియమును గడ్డకట్టించెను.