తిరువల్లిక్కేణి సాయంకాలములు

పత్రికలు నిజమును త్రవ్వి తీయు విద్యకు ఇక భవిష్యత్తు లేదని నలుమూలల వినవచ్చుచున్నది. ధనికుల స్వామ్యము, ప్రకటనల యాదాయము, వ్యాజ్యముల భయము, అరచేతి తెరపై ఊరక లభించు వార్తలు ఇందుకు కారణములని చెప్పుచున్నారు. వీనిని మేము కాదనము. కాని ఈ విద్యను మన దక్షిణదేశమున ఎవరు నిలిపిరో, ఎవరు పోషించిరో, ఎవరు విడనాడిరో తెలిసికొనక దాని భవిష్యత్తును గూర్చి తీర్పు చెప్పుట తగదు. అందుకు జి. సుబ్రహ్మణ్య అయ్యరుగారి జీవితము చక్కని పాఠము.

వారికి ముందు ఈ బాట త్రొక్కినవారు లేకపోలేదు. ఆంధ్రులైన గాజుల లక్ష్మీనరసుశెట్టిగారు 1844లోనే చెన్నపట్టణమున క్రెసెంటు పత్రికను స్థాపించిరి. శిస్తు వసూలుకై రైతులను హింసించుచున్న సంగతిని బయటపెట్టుటకు వారు చేసిన కృషి వలననే విచారణసంఘ మేర్పడి 1855లో నివేదిక వెలువడినది. కాని ఆ భార మొక్కరి భుజములపైననే యుండెను. తమ వ్యాపారధనమును ప్రజాకార్యములకు ధారవోసి, 1868లో వారు నిర్ధనులై కీర్తిశేషులైరి. ఒంటరి ధైర్యము గొప్పదే. దాని యాయువు మాత్రము ఆ యొక్క మనుష్యుని యాయువే.

సుబ్రహ్మణ్య అయ్యరుగారు 1855వ సంవత్సరము జనవరి 19వ తేదీన తంజావూరు జిల్లా తిరువయ్యారున జన్మించిరి. మునసబుకోర్టు వకీలుగానుండిన తండ్రి గణపతి దీక్షితులుగారు కుమారుని బాల్యముననే గతించిరి. అయ్యరుగారు తంజావూరున చదివి, చెన్నపట్టణము చేరి, ఉపాధ్యాయశిక్షణము పొంది, బడిపంతులైరి. జీతమునకై పాఠములు చెప్పుచు, తీరిక వేళల తాము చదువుకొనుచు, 1877లో బి.ఏ. పట్టమును సంపాదించిరి. ఆ కాలమున బి.ఏ. చదివినవానికి సర్కారు ఉద్యోగము దుర్లభము కాదు. ఆ దారి వీరికి రుచింపలేదు.

పట్టణమున తిరువల్లిక్కేణి సాహిత్యసంఘ మొకటి యుండెను. చదువుకొనిన యువకులు అందు చేరి లోకవ్యవహారములను చర్చించుచుండిరి. ఆ కూటమిలో ఆర్గురు మిత్రులైరి. అయ్యరుగారును, ఎం. వీరరాఘవాచార్యులుగారును బడిపంతుళ్లు. టి.టి. రంగాచార్యులు, పి.వి. రంగాచార్యులు, డి. కేశవరావు పంతు, న్యాపతి సుబ్బారావు పంతులుగార్లు న్యాయశాస్త్ర విద్యార్థులు. అయ్యరుగారికి 23 ఏండ్లు, వీరరాఘవాచార్యులుగారికి 21. విద్యార్థుల సాయంకాలపు చర్చలు సాధారణముగా దీపమారుటతో నారిపోవును. వీరి చర్చ ఆరిపోకపోవుటకు ఒక కారణము కలిగినది.

1878లో టి. ముత్తుస్వామి అయ్యరుగారిని చెన్నపురి హైకోర్టు న్యాయమూర్తిగా నియమించిరి. ఆ పీఠమెక్కిన తొలి భారతీయులు వారే. ఆంగ్లేయుల చేతులలోని పత్రికలు ఈ నియామకమును దుయ్యబట్టెను. మారు చెప్పుటకు భారతీయుల చేత పట్టణమున బలమైన యాంగ్లపత్రిక లేదు. ఆ యేడే లిట్టను ప్రభువు దేశభాషాపత్రికల నోరు కట్టుటకు చట్టము తెచ్చియుండెను. ఆర్గురు మిత్రులును ఒక రూపాయి పన్నెండణాలు అప్పు చేసి, సెప్టెంబరు 20వ తేదీన హిందూ వారపత్రికను వెలువరించిరి. బ్లాకుటౌను మింటు వీధిలోని శ్రీనిధి ముద్రాక్షరశాలలో అచ్చయిన ప్రతులు 80, పుటలు 8, వెల నాలుగణాలు. ఇంతకంటె స్వల్పమైన మూలధనముతో ప్రారంభమైన మహాకార్యములు మన దేశచరిత్రలో అరుదు.

ఉత్సాహము సులభము, నిలుకడ కష్టము. న్యాయవిద్యార్థులు పరీక్షలు ముగించి ఎవరి వృత్తులకు వారు పోయిరి. న్యాపతి సుబ్బారావు పంతులుగారు 1880లో రాజమహేంద్రవరము చేరి వకీలైరి. అక్కడ అప్పటికే కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో స్థాపించిన వివేకవర్ధని, న్యాయస్థానములలోని లంచములను, అధికారుల దుర్నయములను పేర్కొని ఖండించుచుండెను. తరువాత సుబ్బారావు పంతులుగారు చింతామణి మాసపత్రికను పోషించి తెలుగు నవలకు బహుమతు లేర్పరచిరి. కాగా తిరువల్లిక్కేణి సాయంకాలముల వలన ఒక బీజము గోదావరీతీరమునకును వచ్చినదని చెప్పవచ్చును. చెన్నపట్టణమున మాత్రము భారమంతయు పంతుళ్లిద్దరిపై పడెను: రచన అయ్యరుగారిది, వ్యవహారము వీరరాఘవాచార్యులుగారిది.

అయ్యరుగారి కలము వాడియైనది. అయితే వారి ఘనత కోపముతో వ్రాయుటలో లేదు, ఆధారముతో వ్రాయుటలో నున్నది. 1882లో సేలమున అల్లర్లు జరిగినవి. సి. విజయరాఘవాచార్యులుగారికి దిగువ న్యాయస్థానము పదియేండ్ల ద్వీపాంతరవాస శిక్ష విధించెను. హిందూ పత్రిక ఆ వ్యవహారమును విడువక పట్టుకొని, సాక్ష్యముల తీరును ప్రజల యెదుట పెట్టుచు వచ్చెను. తుదకు హైకోర్టు ఆయనను నిర్దోషిగా విడుదల చేసెను. 1885లో బొంబాయి నగరమున సమావేశమైన మొదటి కాంగ్రెసున మొదటి తీర్మానమును ప్రతిపాదించిన గౌరవము అయ్యరుగారిదే. ఆ తీర్మానము కోరినది పరిపాలనపై విచారణ. 1897లో వారు లండను వెళ్లి, భారతదేశపు వ్యయములను విచారించు వెల్బీ సంఘము ఎదుట సాక్ష్యమిచ్చిరి. అడుగుట, లెక్కించుట, నిరూపించుట వారి జీవితమునకు మూడు మెట్లు.

ఇంతటి పనికి ధన మెవరిచ్చిరి? ఈ ప్రశ్నయే మా పాఠకులు గమనింపవలసినది. 1883లో పత్రిక వారమునకు మూడుమార్లు వెలువడసాగినది. ఆ యేటనే మౌంటురోడ్డు చేరినది. సొంత ముద్రణాలయమునకు ప్రజల చందాలు కోరగా అవి రాలేదు. అప్పు చేసి యంత్రములు తెచ్చిరి. 1889లో పత్రిక దినపత్రికయైనది. 1892లో విజయనగర మహారాజు పూసపాటి ఆనందగజపతిరాజుగారు ఋణమిచ్చి ఆదుకొనిన పిదపగాని భవనము పత్రికది కాలేదు. పత్రికను మెచ్చినవారు వేలు. దాని ఖర్చు భరింపనెంచినవారు కొందరే.

ఇంతకంటె కఠినమైన పరీక్ష వేరొకటి వచ్చెను. ప్రభుత్వమును ప్రశ్నించినంతకాలము పాఠకులు చప్పట్లు కొట్టిరి. అయ్యరుగారి ప్రశ్న మన యిండ్ల గడపలు దాటి లోనికి రాగానే ముఖములు చిట్లించిరి. బాల్యమున వితంతువైన తమ కుమార్తెకు 1889లో బొంబాయి నగరమున ఆయన పునర్వివాహము చేసిరి. బంధుమిత్రుల బహిష్కారమును సహించిరి. సంఘసంస్కార విషయమున తీవ్రముగా వ్రాయుటచేత పాఠకులు కొందరు దూరమైరి. పరువునష్టపు వ్యాజ్యములు, ధనపు టిక్కట్లు తోడైనవి. తుదకు 1898లో మిత్రు లిద్దరును విడిపోయిరి. ఇరువది యేండ్ల స్నేహముతో నిలిచిన పత్రిక ఆ స్నేహము తెగగానే సన్నగిల్లసాగెను. 1905లో కస్తూరి రంగ అయ్యంగారుగారు దానిని కొనునప్పటికి ప్రతులు 800కు దిగజారియుండెను.

అయ్యరుగారు కలము దింపలేదు. 1882లో తాము స్థాపించిన తమిళపత్రిక స్వదేశమిత్రన్‌ను 1899లో దినపత్రికగా మార్చి నడిపిరి. ఆంగ్లము నేర్చిన కొలదిమందికి కాక, పల్లెటూళ్ల రైతుకును వర్తకునకును రాజ్యవ్యవహారము తెలియవలెనని వారి సంకల్పము. సుబ్రహ్మణ్య భారతిగారిని 1904లో అందు చేర్చుకొనిరి. 1908లో ప్రభుత్వము వారిపై రాజద్రోహనేరము మోపి నిర్బంధించెను. అప్పటికే దారుణమైన చర్మవ్యాధి వారిని క్రుంగదీయుచుండెను. 1916వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన వారు పరమపదించిరి.

ఈ జీవితమునుండి భవిష్యత్తునకు ఏమి గ్రహింపవలెను? సాధనములు మారినవి, స్వభావము మారలేదు. 1988లో ఆ హిందూ పత్రికయే జినీవానగరమున నుండిన చిత్రా సుబ్రహ్మణ్యంగారు సంపాదించిన పత్రములతో బోఫోర్సు ఫిరంగుల బేరమునందలి ముడుపుల గుట్టు విప్పినది. మరుసటి యేట ఆ పత్రిక వెనుకాడగా తక్కిన పత్రములు వేరొక పత్రిక ద్వారా వెలుగుచూచినవి. 2016లో పనామా పత్రములు బయటపడినప్పుడు చేతికందిన దస్తావేజులు 1 కోటి 15 లక్షలు. ఏ పత్రికయు ఒంటరిగా చదువజాలని ఆ రాశిని, దాదాపు 80 దేశములకు చెందిన 370 మందికి పైగా విలేఖరులు పంచుకొని, పరస్పర విశ్వాసముతో నెలల తరబడి రహస్యము కాపాడి శోధించిరి. తిరువల్లిక్కేణిలో ఆర్గురు చేసినదానిని వీరు ఖండాంతరములకు విస్తరింపజేసిరి.

కాబట్టి ఈ విద్య నశించునని మేము నమ్మము. కళాశాలల వసతిగృహములలో సాయంకాలము కూడి వాదించుకొను యువకు లున్నంతకాలము దానికి విత్తనము లున్నట్లే. వారిలో నలుగురు వృత్తులకు పోయినను ఇద్దరు నిలిచిన చాలును. కాని విత్తనమొకటియే పంట కాదు. భూవసతిగల రైతుపెద్దలకును, పట్టణవాసులైన వకీళ్లకును, వర్తకులకును, ఉద్యోగులకును మేము మనవి చేయున దొక్కటే. నీరు పెట్టక పైరు ఎండినదని వగచువాడు వ్యవసాయి కాడు. చందా చెల్లింపక, తనకు రుచింపని నిజము వచ్చిన దినమున పత్రికను విసరివేసి, నిర్భయమైన పత్రికలు లేవని నిట్టూర్చువాడును అట్టివాడే. పరుల లోపమును వెదకు పత్రికను ఎవరైనను పోషింతురు. మన లోపమును సయితము వెదకు పత్రికను పోషింపగల పాఠకు లెందరున్నారో, ఈ విద్యకు భవిష్యత్తును అంతయే యున్నది.