చింపిన గ్రంథం
రతన్‌పూర్ చూసి బిలాస్‌పూర్‌లో రైలెక్కితే, ఎదుటి తెలుగు రైల్వే ఉద్యోగి చేతిలో భక్తసింగ్ జీవిత చరిత్ర కనిపించింది.

1903లో పంజాబు సిక్కు కుటుంబంలో జన్మించిన ఆయన, విద్యార్థిగా బైబిలును చింపివేసి, అందమైన అట్టను మాత్రం దాచుకున్నారు. 1926లో ఇంజనీరింగు చదువుకు లండను వెళ్లి, కేశాలు తీసివేసి, నాస్తికులయ్యారు. 1928లో కెనడా ఓడలో జరిగిన ఆరాధనలో మర్యాదకై మోకరిల్లారు. మార్పుకు అది నాంది. 1932లో వాంకూవరులో బాప్తిస్మం పొందారు.

1933లో బొంబాయి చేరగా, విశ్వాసం రహస్యంగా ఉంచితే ఇంటికి రమ్మన్నారు తలిదండ్రులు. ఆయన అంగీకరించలేదు, వారు వెళ్లిపోయారు, ఆయన ఒంటరిగా మిగిలారు.

మతమార్పిడి అనగానే పార్లమెంటులో విదేశీ ధనం ప్రస్తావన వినడం నాకు అలవాటు. ఈయన ఏ మిషను జీతమూ ఆశించలేదు. తన సంఘాలను దేశీయంగానే నడిపి, హైదరాబాదు హెబ్రోనును కేంద్రంగా చేసుకుని, 2000 సెప్టెంబరు 17న ఆ నగరంలోనే కన్నుమూశారు.