హెరాల్డ్ బ్లాక్ - తన తప్పును తాను దిద్దుకొనే యంత్రం

సభలో వక్త కంఠం మైకులో స్పష్టంగా వినిపించినప్పుడు మనం వక్తనే మెచ్చుకుంటాము. ఆ స్పష్టతకు మూలపురుషుడైన ఇంజనీరును తలచుకొనేవారు అరుదు. ఆయనే హెరాల్డ్ స్టీఫెన్ బ్లాక్. ఆ మహనీయుని జీవితాన్ని విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయాలని మేము సంకల్పించాము.

బ్లాక్ 1898 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో లియోమిన్‌స్టర్ పట్టణంలో జన్మించారు. 1921లో వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో పట్టభద్రులై వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరారు. ఆ సంస్థ ఇంజనీరింగు విభాగమే 1925లో బెల్ టెలిఫోన్ లేబొరేటరీస్‌గా రూపొందింది. ఆనాడు దూరప్రాంతాలకు మాట చేరాలంటే టెలిఫోను తీగల నడుమ అనేక ఆంప్లిఫయర్లు అవసరమయ్యేవి. ప్రతి ఆంప్లిఫయరూ మాటకు బలమిస్తూనే కొంత వికృతిని చేర్చేది. గమ్యం చేరేసరికి ఆ వికృతులన్నీ పేరుకొనిపోయేవి. 1923లో బ్లాక్ ఒక ఉపాయం కనుగొన్నారు గాని, దానిని అనుక్షణం సవరిస్తూ ఉండవలసి రావడంతో అది ఆచరణలో నిలువలేదు.

1927 ఆగస్టు 2వ తేదీ ఉదయం హడ్సన్ నదిపై ఫెర్రీలో పనికి వెళుతుండగా ఆయనకు పరిష్కారం స్ఫురించింది. చేతనున్న న్యూయార్క్ టైమ్స్ పత్రిక పుటమీదనే దానిని గీసుకున్నారు. ఆంప్లిఫయర్ నుండి వెలువడే సంకేతంలో కొంత భాగాన్ని వ్యతిరేకంగా తిరిగి లోనికి పంపితే, అది మూలంతో పోల్చుకొని తన దోషాన్ని తానే దిద్దుకుంటుంది. బలం తగ్గుతుంది, స్వచ్ఛత పెరుగుతుంది. ఇదే నెగటివ్ ఫీడ్‌బ్యాక్. కష్టపడి సంపాదించిన బలాన్ని వదులుకొమ్మనడం నాటివారికి విపరీతంగా తోచింది. 1928లో కోరిన పేటెంటు 1937 డిసెంబరు 21న గాని లభించలేదు. ఆ తొమ్మిదేళ్లూ ఆయన తన నమ్మకాన్ని విడువలేదు.

ఆ సూత్రం నేటికీ సజీవంగా ఉన్నది. 741 అనే ఆప్-ఆంప్ చిప్పు సుమారు 25 మిల్లీఆంపియర్ల విద్యుత్తును మాత్రమే ఇవ్వగలదు. 8 ఓముల లౌడ్‌స్పీకరుపై అది 0.2 వోల్టుకు మించదు. అందుచేత దాని వెనుక రెండు ట్రాన్సిస్టర్ల జంటను చేర్చి బలం పెంచుతారు. అయితే ఒక ట్రాన్సిస్టరు నుండి మరొకదానికి భారం మారే చోట ధ్వని చెదురుతుంది. ఫీడ్‌బ్యాక్‌ను చిప్పు కొన నుండి గాక ట్రాన్సిస్టర్ల తరువాత, స్పీకరు వద్ద నుండి తీసుకుంటే ఆ లోపం చాలావరకు సర్దుకుంటుంది. కాని దిద్దుబాటు ఆలస్యంగా చేరితే ఆంప్లిఫయరే కూతపెడుతుంది. ఆ స్థిరత్వ నియమాన్ని బ్లాక్ సహోద్యోగి నైక్విస్ట్ 1932లో ప్రకటించారు.

బ్లాక్ 1983 డిసెంబరు 11న పరమపదించారు. తన దోషాన్ని సకాలంలో విని సవరించుకొన్న యంత్రమే మరింత భారాన్ని మోయగలదని ఆయన నిరూపించారు. విద్యార్థి జీవితానికి ఇంతకంటె వేరు పాఠం లేదని మా విశ్వాసం.