పేరు పోయిన పడవ: ఝాఁ విగో జీవితము

చలనచిత్ర చరిత్రలో ఝాఁ విగో స్థానము విచిత్రమైనది. ఆ ఫ్రెంచి దర్శకుడు తీసిన చిత్రములు నాలుగే నాలుగు. వాటిలో రెండు లఘుచిత్రములు, ఒకటి ముప్పాతిక గంట మించనిది, నాలుగవది మాత్రమే పూర్తి నిడివి గలది. నాలుగింటిని వరుసగా ప్రదర్శించినను మూడు గంటలు పట్టదు. ఆతడు జీవించినది 29 సంవత్సరములు. ఆతని చిత్రములలో ఒకదానిని ప్రభుత్వము నిషేధించినది. మరియొకదానిని వర్తకులు కత్తిరించి, పేరు మార్చి, మార్కెట్టులోనికి పంపినారు. అయినను నేడు చలనచిత్రకళను పాఠముగా చెప్పు చోటులందెల్ల ఆతని పేరు వినవచ్చుచున్నది. ఒక పేరు చెరిగిపోయి మరల నిలుచుట ఎట్లు సంభవించునో తెలిసికొనవలెనన్న ఈ జీవితమును చదువవలెను.

విగో 1905వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన పారిస్ నగరములో, ఒక పేద వాడలోని చిన్న గదిలో జన్మించినాడు. తండ్రి అసలు పేరు ఎజేన్ బొనవాంతూర్ ద విగో. లోకమునకు తెలిసిన పేరు మిగేల్ అల్మెరేదా. ఆతడు అరాజకవాది, పత్రికారచయిత. రాజ్యమును, సైన్యమును ఎదిరించి వ్రాసి పలుమార్లు చెరసాల చూచినవాడు. తల్లి ఎమిలీ క్లేరో కూడ ఆ ఉద్యమమునకు చెందినదే. సభలకు పోవునప్పుడు ఆ దంపతులు పసిబిడ్డను చంకన వేసికొని పోయెడివారు. ఉయ్యాలలో జోలపాట వినవలసిన వయస్సులో ఆ బిడ్డ ఉపన్యాసములు విన్నాడు.

అల్మెరేదా 1913లో 'బొన్నే రూజ్', అనగా ఎఱ్ఱటోపి, అను పత్రికను స్థాపించినాడు. మరుసటి సంవత్సరము మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. పత్రిక క్రమముగా శాంతివాదమువైపు మొగ్గినది. యుద్ధకాలములో శాంతి అనుమాట ద్రోహమునకు మారుపేరుగా వినిపించును. 1917లో ఆ పత్రిక నిర్వాహకుని యొద్ద జర్మను ధనమునకు సంబంధించిన చెక్కు పట్టుబడినది. అల్మెరేదాను దేశద్రోహియని నిర్బంధించినారు. విచారణ జరుగకుండగనే, ఆ ఆగస్టు నెలలోనే, ఫ్రేన్ చెరసాలలో ఆతడు మృతుడై కనిపించినాడు. మెడకు బూటు తాళ్ళు బిగిసి యున్నవి. ఆత్మహత్య యని అధికారులు ప్రకటించినారు. హత్య యని మిత్రులు నమ్మినారు. నిజము నేటికిని తేలలేదు. నాటికి కుమారునకు 12 ఏండ్లు.

పత్రికలన్నియు ద్రోహియని వ్రాసిన మనిషి బిడ్డకు ఆ దినములలో బడిలో చోటు దొరకుట కష్టము. దొరికినను తోడిబాలుర మధ్య బ్రదుకుట మరింత కష్టము. అల్మెరేదా తల్లిని వివాహమాడిన గాబ్రియేల్ ఒబేస్ అను ఛాయాగ్రాహకుడు దక్షిణ ఫ్రాన్సులోని మోంపెలియే పట్టణములో ఉండెడివాడు. ఆతడే ఈ బాలుని చేరదీసినాడు. మియో అను చిన్న పట్టణమందలి వసతి పాఠశాలలో చేర్పించునప్పుడు బాలుని పేరు ఝాఁ సాల్ అని వ్రాయించినారు. ఆ విధముగా 12 ఏండ్ల ప్రాయముననే ఆతడు తండ్రిని, తండ్రి పేరును ఒక్కమారే పోగొట్టుకొన్నాడు. ఎవరైనను పేరు పెట్టి పిలిచినప్పుడెల్ల తానొక అబద్ధమునకు బదులు పలుకుచున్నానని తెలిసియు పలుకవలసి వచ్చినది. మియోలో నాలుగేండ్లు గడచినవి. తరువాత షార్త్ర్ నగరములోని ఉన్నత పాఠశాలలో చదివినాడు. పెద్దవాడైన పిమ్మట తండ్రిపై పడిన మచ్చను తుడుపవలెనని పాత కాగితములు సేకరించినాడు, తండ్రి మిత్రులను కలిసికొన్నాడు. తండ్రి యింటిపేరునే తన కళకు పేరుగా నిలుపుకొన్నాడు.

పారిస్ విశ్వవిద్యాలయములో చదువు సాగుచుండగా క్షయవ్యాధి బయటపడినది. 1926లో పిరెనీ పర్వతములలోని ఫోన్ రొము ఆరోగ్యశాలలో చేరినాడు. స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వాడుకలోనికి రాని కాలమది. కొండగాలి, ఎండ, విశ్రాంతి, ఇవియే చికిత్స. అక్కడనే పోలండు దేశములోని లోజ్ నగర వర్తకుని కుమార్తె లీదూ పరిచయమైనది. ఆమెయు రోగియే. 1929 జనవరిలో వారు వివాహము చేసికొని, సముద్రతీరమందలి నీస్ నగరములో కాపురము పెట్టినారు. మామగారు కానుకగా ఇచ్చిన ధనముతో విగో పాత కెమెరా యొకటి కొన్నాడు. ఆ కెమెరాయే ఆతని వృత్తికి పునాది.

సోవియట్ దర్శకుడు జిగా వెర్తొవ్ సోదరుడైన బోరిస్ కౌఫ్మన్ అప్పుడు ఫ్రాన్సులో ఉండినాడు. ఇరువురు కలిసి 1930లో నీస్ నగరమును గురించి మూగచిత్రము తీసినారు. సముద్రపుటొడ్డున కుర్చీలలో ఎండ కాగు ధనికులను ఒకవైపు, ఇరుకు సందులలోని పేదలను మరియొకవైపు నిలిపి చూపిన చిత్రమది. మరుసటి ఏడు ఝాఁ తారీస్ అను ఈతవీరునిపై చిన్న చిత్రము తీయు అవకాశము వచ్చినది. పని చిన్నదే, కాని నీటిలోపల మనిషి దేహము భారము వీడి ఎట్లు తేలియాడునో విగో అప్పుడే కెమెరా కంటితో చూచినాడు. ఆ చూపు వృథా పోలేదు. ఆ సంవత్సరమే వారికి లూస్ అను కుమార్తె పుట్టినది.

గుఱ్ఱపు పందెములతో సంబంధముగల నూనెజ్ అను వ్యాపారి చిత్రనిర్మాణమునకు పూనుకొని విగోను నమ్మినాడు. దాని ఫలితము 1933లో వచ్చిన 'జేరో ద కొందుయిత్'. నడవడికి సున్న మార్కు అని దాని అర్థము. మియో పాఠశాల జ్ఞాపకములే దీనికి కథ. ఆదివారపు సెలవు రద్దుచేయు శిక్షలు, నిఘా వేయు అధికారులు, పిల్లలు పన్నిన కుట్ర, తుదకు పాఠశాల ఉత్సవమునాడు నలుగురు బాలురు ఇంటికప్పు నెక్కి పెద్దలపై పాత సామాను విసరుట, ఇదియే చిత్రము. పడకగదిలో తలగడలు చినిగి దూది, ఈకలు మంచువలె కురియుచుండగా బాలురు నెమ్మదిగా ఊరేగు ఘట్టము ప్రసిద్ధమైనది. సంగీతదర్శకుడు మోరిస్ జోబేర్ ఆ ఘట్టమునకు బాణీని తలక్రిందులుగా వ్రాయించి, వాయించి, ముద్రించిన నాదమును మరల వెనుకకు త్రిప్పి వినిపించినాడు. వినువారికి స్వప్నములో వినుచున్నట్లుండును.

బోధనావృత్తిలో ఉన్న మనవంటి వారికి ఈ చిత్రము ఇబ్బంది కలిగించుట సహజము. ప్రధానోపాధ్యాయుని మరుగుజ్జుగా చూపినాడు, ఉత్సవ వేదికపై కొందరు పెద్దలకు మారుగా బొమ్మలను కూర్చుండబెట్టినాడు. కాని ఆ బడిలోనే యూగే అను యువ ఉపాధ్యాయుడొకడు ఉన్నాడు. ఆతడు పిల్లలతో ఆడును, చేతులమీద నడచును, చాప్లిన్ నడకను అనుకరించును. విగో ద్వేషించినది గురువును గాదు. పిల్లవానిని మార్కుల పుస్తకములోని ఒక అంకెగా చూచు చూపును. పరిశీలక మండలికి ఆ భేదము తోచలేదు. విద్యాసంస్థలను అవమానించు చిత్రమని 1933లో దానిని నిషేధించినారు. నిషేధము తొలగినది 1945లో.

నూనెజ్ నష్టపోయెను గాని నమ్మకము వీడలేదు. గయానా ఖైదుదీవుల నుండి తప్పించుకొన్న ఒక బందీ కథ తీయవలెనని మొదట సంకల్పించినారు. నిషేధము తరువాత అది మానినారు. ఎవరికిని కోపము తెప్పించని కథ యొకటి ఏరి విగో చేతికిచ్చినారు. సరకుల పడవ నడుపు సరంగు, ఆతడు పెండ్లాడిన పల్లెపడుచు, వారి చిన్న కలహము, తిరిగి కలియుట. అంతే కథ. ఆ పడవ పేరు 'అతలాంత్'. గ్రీకు పురాణములలో పరుగునకు పేరుపొందిన కన్య పేరది. చిత్రమునకు కూడ అదే పేరు పెట్టినారు.

కథ అల్పమే. కాని ఆ అల్పములో విగో ఎంతటి సంపద నింపినాడో చూడుడు. పెండ్లికూతురు ఝూలియెత్ తెల్లని పెండ్లి దుస్తులతోనే గుడినుండి కాలువ గట్టునకు నడచి పడవ యెక్కును. పడవలో పిల్లుల గుంపు, దేహమెల్ల పచ్చబొట్లు గల ముసలి కళాసీ ఝూల్ ఉన్నారు. ఆతని గది దేశదేశాల వింత వస్తువుల సంత. ఇష్టమైన వారి ముఖము నీటిలో కనిపించునని ఝూలియెత్ భర్తతో చెప్పును. ఆతడు నవ్వుచు నీటిలో తల ముంచును, ఏమియు కనిపించదు. పారిస్ చూడవలెనని ఆమెకు మోజు. ఒకనాడు చెప్పకుండ పట్టణమునకు పోవును. కోపించిన భర్త పడవను సాగించి ఆమెను విడిచి పోవును. పిదప ఆతడు పని మరచును, మాట మరచును. ఒకనాడు నదిలో దూకును. అప్పుడు ఆ నీటిలో, పెండ్లి దుస్తులతో నవ్వుచు, ఝూలియెత్ కనిపించును. తారీస్ ఈతచిత్రములో విగో నేర్చిన నీటి విద్య ఇక్కడ పండినది. ల హావ్ర్ రేవులో ఆ సరంగు సముద్రమువైపు పరుగెత్తు దృశ్యము కలదు. ఎదురుగా అంతులేని నీరు. వెనుకకు మరలుటకన్న మార్గము లేదు. తుదకు ముసలి ఝూల్ నగరములో వెదకి ఆమెను భుజముపై వేసికొని తెచ్చును.

సరంగుగా ఝాఁ దాస్తే, ఝూలియెత్‌గా జర్మను నటి దితా పార్లో, ముసలి కళాసీగా మిషెల్ సిమోన్ నటించినారు. చిత్రణము 1933 నవంబరులో మొదలై నిండు శీతకాలములో సాగినది. కాలువలలో మంచుగడ్డలు తేలుచున్నవి. లాకుల యొద్ద, పడవపై, తడిగాలిలో పని. క్షయరోగికి అంతకన్న హాని లేదు. జ్వరముతోనే విగో పని చేసినాడు. 1934 ఫిబ్రవరి నాటికి మంచము పట్టినాడు. ఆకాశమునుండి పడవను చూపు చివరి దృశ్యమును కౌఫ్మన్ ఆతడు లేకయే తీసినాడు. కూర్పు పని లూయీ షవాన్స్ సాగించినాడు.

ఏప్రిల్‌లో ప్రదర్శనశాలల యజమానులకు చిత్రమును చూపినారు. వారికి నచ్చలేదు. పంపిణీదారులైన గోమోన్ సంస్థవారు సుమారు 89 నిమిషముల చిత్రమును 65 నిమిషములకు కుదించినారు. జోబేర్ సంగీతమును చాలవరకు తీసివేసి, అప్పట్లో జనుల నోళ్ళలో నానుచున్న ఒక సినిమాపాటను అతికించినారు. ఆ పాట పేరునే చిత్రమునకు పెట్టినారు: 'ల షలాఁ కీ పాస్', అనగా సాగిపోవు పడవ. ఆ విధముగా 'అతలాంత్' అనామకమైనది. పసితనమున తన పేరు పోగొట్టుకొన్న విగో, మరణశయ్యపై తన పడవ పేరును కూడ పోగొట్టుకొన్నాడు. ఎదిరించు శక్తి ఆ దేహములో మిగులలేదు. సెప్టెంబరులో ఆ వికృతరూపము విడుదలయై కొద్దిదినములకే తొలగినది. అక్టోబరు 5వ తేదీన పారిస్‌లో విగో కన్ను మూసినాడు. బాన్యో శ్మశానములో తండ్రి ప్రక్కనే ఆతని సమాధి కలదు. లీదూ 1939లో పోయినది. జోబేర్ 1940లో యుద్ధరంగమున మరణించినాడు.

కథ ఇంతటితో ముగిసి యుండవలసినది. కాని ఆ ముక్కలను ప్రేమించినవారు కొందరున్నారు. ఫ్రెంచి చిత్రభాండారమును స్థాపించిన ఆఁరీ లాంగ్లవా తదితరులు దొరికిన తునకలను ఏరి కూర్చినారు. 1946లో బాలుడైన ఫ్రాంస్వా త్రూఫో విగో చిత్రములను చూచి పరవశించినాడు. 1959లో ఆతడు తీసిన బాల్యచిత్రములో మియో పాఠశాల ఛాయ స్పష్టముగ కలదు. 1951లో విగో పేర ఒక బహుమతి నెలకొల్పినారు. స్వతంత్రబుద్ధి గల దర్శకులకు దానినిచ్చుట ఆచారము. 1962లో ఒక బ్రిటిష్ పత్రిక ప్రపంచ విమర్శకుల అభిప్రాయము సేకరించగా అత్యుత్తమ చిత్రములు పదింటిలో 'అతలాంత్' చేరినది. కౌఫ్మన్ అమెరికా చేరి, 1954 నాటి ఒక రేవు కూలీల చిత్రమునకు ఆస్కారు బహుమతి పొందినాడు. లండను చిత్రభాండారములో భద్రముగా మిగిలిన పాత ప్రతి ఆధారముగా 1990లో గోమోన్ సంస్థయే ఆ చిత్రమును ఉద్ధరించి లోకమునకు చూపినది. కత్తిరించిన చేతులే కుట్టినవి. కుమార్తె లూస్ చలనచిత్ర విమర్శకురాలై, తాను మూడేండ్ల పిల్లగా ఉండగా పోయిన తండ్రి కృషిని లోకమునకు తెలుపుటలో జీవితము గడిపి, 2017లో మరణించినది.

అల్మెరేదా మరణము నేటికిని తేలని చిక్కుముడియే. కుమారుడు సేకరించిన కాగితములు ఆ మచ్చను తుడువలేకపోయినవి. కాని ఆ యింటిపేరు నేడు చెరసాలను గాక, నీటిలో నవ్వుచున్న ఒక పెండ్లికూతురి ముఖమును గుర్తుచేయుచున్నది. మన తరగతులలోను హాజరుపట్టీలోని పేరునకు బదులు పలికి మౌనముగా కూర్చుండు పిల్లవాడొకడు ఉండును. ఆ పేరు వెనుక ఏమి దాగియున్నదో మనకు తెలియదు. నడవడికి సున్న వేయుటకు ముందు ఒక్క క్షణము ఆగి, వానిని దగ్గరకు పిలిచి మాటాడుట మన చేతిలోని పని.