బళ్ళ పెద్ద కట్టమంచి

కట్టమంచి రామలింగారెడ్డి గారి పేరు వినగానే మనకు ‘ముసలమ్మ మరణం’ గుర్తుకొస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అని కూడా చాలామందికి తెలుసు. కాని అంతకుముందే ఆయన ఒక సంస్థానంలోని బళ్ళన్నిటికీ పెద్దగా పనిచేసిన సంగతి అంతగా ఎవరూ చెప్పుకోరు.

రెడ్డి గారు 1880 డిసెంబరు 10న చిత్తూరు దగ్గర కట్టమంచిలో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివే రోజుల్లోనే, అంటే ఇంచుమించు మన వయసులోనే, ఆ కావ్యం రాశారు. చెరువుకట్ట తెగకుండా ఊరి కోసం ప్రాణమిచ్చిన ఒక ఇల్లాలి కథ అది. కట్టకు గండి పడితే ఏమవుతుందో మన జగ్గయ్యపేట, నందిగామ మెట్ట రైతులకు వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జి వెళ్ళారు. వాదప్రతివాదాలకు పేరుమోసిన అక్కడి యూనియన్‌కు ఉపాధ్యక్షుడయ్యారు.

తిరిగి వచ్చాక బరోడాలోను, మైసూరులోను పాఠాలు చెప్పారు. అమెరికా, జపాను మొదలైన దేశాలు తిరిగి అక్కడి చదువుల తీరు చూసి వచ్చారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడడంలో ఆయన కృషి ఉంది. ఆ సంస్థానంలో విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవి కూడా ఆయన్ను వరించింది. ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళు ఫైళ్ళ మీద సంతకాలు పెట్టి కాలం గడిపేయొచ్చు. రెడ్డి గారు అలా చేయలేదు. హరిజనుల పిల్లలకు సర్కారు బళ్ళ తలుపులు తెరిపించారు. పెద్ద కులాల వాళ్ళు అడ్డు చెప్పినా వెనక్కి తగ్గలేదు. బడి అంటే ఊరందరిదీ అని ఆయన మాటల్లో కాదు, ఉత్తర్వుల్లో చూపించారు.

1921లో ఆ ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. దాని మొదటి కార్యస్థానం మన నందిగామకు సుమారు 50 కిలోమీటర్లలో ఉన్న బెజవాడే. 1930లో అది వాల్తేరుకు తరలింది. ఆ ఏడే సత్యాగ్రహుల మీద ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా రెడ్డి గారు రాజీనామా ఇచ్చేశారు. తను నాటిన మొక్కకు అప్పటికి నాలుగేళ్ళే! అయినా కుర్చీ పట్టుకుని వేళ్ళాడలేదు.

1936లో మళ్ళీ ఆయనే వైస్ ఛాన్సలర్ అయ్యారు. యుద్ధకాలంలో విశాఖ మీద బాంబులు పడి, విశ్వవిద్యాలయం కొన్నాళ్ళు గుంటూరుకు వచ్చినప్పుడు కూడా దాన్ని నిలబెట్టారు. 1949 దాకా ఆ బాధ్యత మోశారు. దొరతనాన్ని నిరసించి 1930లో పదవి వదిలిన మనిషే 1942లో అదే దొరతనమిచ్చిన ‘సర్’ బిరుదు తీసుకున్నారు. ఇది కొందరికి మింగుడుపడదు. అయితే మహనీయుల జీవితాన్ని మనకు నచ్చిన ముక్కలే ఏరుకుని చదవకూడదు కదా!

పెళ్ళి చేసుకోకుండా చదువులకే జీవితం ధారపోసిన రెడ్డి గారు 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

మిత్రులారా! రేపు మనలో ఎందరో మాస్టర్లవుతారు, కొందరు ఆఫీసర్లూ అవుతారు. మన అయ్యలు నాగలి పట్టి మనల్ని ఇక్కడిదాకా పంపారు. మన తర్వాత వచ్చే పిల్లకు ఆ తలుపు మూసుకుపోకుండా చూడడం మన వంతు. కట్టమంచి వారికి మనం చెల్లించగల బాకీ అదే.